వాసన లేదన్న రోజు

పుష్యం, బహుళ దశమి

నా పని అడగడం. కట్ట మీద ఇంతకన్నా సుఖమైన పని లేదని అందరూ నన్ను ఆడిపోసుకుంటారు. వాళ్ళు మోకాలి లోతు ఊటనీళ్ళలో నిలబడి పంపులు నడుపుతారు, బురద ఎత్తిపోస్తారు. నేను మెళ్ళో పలక వేలాడేసుకుని సొరంగం సొరంగానికీ తిరిగి, "ఇవాళ ఎలా ఉంది?" అని అడుగుతాను. వాళ్ళ చేతులకు ఎప్పుడూ గ్రీజో బురదో ఉంటుంది కాబట్టి పలక ముట్టుకోలేరు. నోటితో చెబుతారు, నేను వేలితో నొక్కుతాను. అందుకే నన్ను అడిగేరత్నం అంటారు. అసలు పేరు నూకరత్నం.

కట్టకి ఇటు ఊళ్ళు, అటు సముద్రం. సముద్రం ఊళ్ళకన్నా ఎత్తులో ఉంది. కట్ట కిందకి ఊరే ఉప్పునీటిని ఆపకుండా తోడి మళ్ళీ సముద్రంలో పోస్తుంటేనే ఇటువైపు అన్నం వండుకోగలం. పోటూ పాటూ చూసుకుని బతికేవాళ్ళం కనక తేదీలు వదిలేసి తిథులే లెక్కపెడతాం. ఈ రాత కూడా పాత పంపు చార్టుల వెనక రాస్తున్నాను. పలకలో రాస్తే క్షేమశాఖ చదువుతుంది, చదివి నా క్షేమం అడుగుతుంది.

రోజుకి ఏడు ప్రశ్నలు. నిద్ర పట్టిందా, తిండి సరిపోయిందా, మేస్త్రీ మర్యాదగా మాట్లాడాడా, పనిచేసే చోట దుర్వాసన ఉందా, తోటివాళ్ళతో పొత్తు కుదిరిందా, రేపు పనికి రావాలని ఉందా. చివరిది: మీ సొంతవాళ్ళను ఇదే పనిలో పెట్టమంటే పెడతారా? అన్నీ కలిపి శాఖ జట్టుకో మార్కు వేస్తుంది. మార్కు బాగుంటే బెల్లం వస్తుంది. పడిపోతే ఆ జట్టులో పొత్తు లేదని తేల్చి మనుషుల్ని తలా ఒక కట్టకీ విసిరేస్తారు. పోయినేడు మూడో సొరంగం జట్టుకి అదే జరిగింది. మొగుడు ఉత్తరాన పడ్డాడు, పెళ్ళాం దక్షిణాన పడింది. అప్పట్నించీ కట్ట మీద అందరికీ నిద్ర బాగా పడుతోంది, తిండి మిగిలిపోతోంది, మేస్త్రీలందరూ దేవుళ్ళయ్యారు. గోడల మీద శాఖవాళ్ళు 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అని రంగులతో రాయించారు.

పూర్వం ప్రతి సొరంగంలోనూ గ్యాసు కొలిచే మీటర్లుండేవి. ఉప్పుగాలి వాటిని తినేసింది. కెమెరాలనీ తినేసింది. కొత్తవి ఎందుకు, మనుషులకు ముక్కులున్నాయి, అడిగితే వాళ్ళే చెబుతారు అన్నారు. నాలుగో ప్రశ్న అలా పుట్టింది.

ఆ ప్రశ్నకి నిజం చెప్పేవాడు మా జట్టులో ఒక్క అబ్బులే. అన్నిటికన్నా లోతైన ఆరో సొరంగం అతనిది. ఒక్కడే ఉంటాడు అందులో, పంపూ అతనూ. ఇవాళ కూడా సొరంగం నోటి దగ్గర నిలబడి అడిగాను.

"దుర్వాసన ఉందా?"

"కంపు కొడతందండి వదినగారూ. కుళ్ళిన గుడ్లు గంపెడు తెచ్చి ముక్కు కింద పెట్టినట్టుందండి. రాసుకోండి."

"మార్కు పోతుంది అబ్బులూ."

"మార్కు మీదండి. ముక్కు నాదండి."

"సొంతవాళ్ళను ఈ పనిలో పెడతావా?"

"మా పిల్ల ఎప్సిబానా? ఈ గోతిలోనా?" అని బురద చేత్తోనే దణ్ణం పెట్టాడు. "దాన్ని సముద్రంలోకన్నా తోత్తాను గానీ ఇందులోకి దింపనండి. అదీ రాసుకోండి."

రాసుకున్నాను. మా మేస్త్రీ తాతాజీ పక్కనే ఉండి తల బాదుకున్నాడు. ఇరవైమంది నొక్కించిన మంచిని ఒక్కడు నీళ్ళపాలు చేస్తున్నాడని అతని ఏడుపు. నాకూ ఒళ్ళు మండింది. నిజం చెప్పడం కూడా ఒక్కోసారి పొగరులాగే ఉంటుంది.

పుష్యం, అమావాస్య

ఇవాళ పెద్ద పోటు. ఊట రెట్టింపైంది, అడుగున ఎప్పటిదో నల్లబురద పైకి లేచింది. ఆరో సొరంగం నోటి దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం తిట్టించుకోవడానికి సిద్ధపడే అడిగాను.

"దుర్వాసన ఉందా?"

అబ్బులు రెండుసార్లు గాలి పీల్చి చూశాడు. "లేదండి. పొద్దున్న బాగా కొట్టింది గానీ ఇప్పుడేం లేదండి. చిత్రంగా ఉంది."

నా చెవులు నేనే నమ్మలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదన్నాడు. కళ్ళు మాత్రం మండుతున్నాయనీ తల దిమ్ముగా ఉందనీ చెప్పాడు. కళ్ళకి ప్రశ్న లేదు, తలకీ లేదు. 'వాసన లేదు' నొక్కగానే పలక పచ్చగా వెలిగింది. ఇన్నాళ్ళకి ఆరో సొరంగం బాగుపడిందని శాఖ మా జట్టుని మెచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా బెల్లం వచ్చింది. తాతాజీ టీ పెట్టించాడు. అబ్బులు బయటికొచ్చి గ్లాసు పుచ్చుకున్నాడు గానీ వెలుగు చూడలేక కళ్ళు మూసుకునే తాగాడు.

"ఏమయ్యా, చివరికి దారికొచ్చావు," అన్నాను.

"నేను రాలేదండి. కంపే పోయింది," అని నవ్వి మళ్ళీ దిగాడు. వాళ్ళావిడ కోసం బెల్లం ముక్క ఒకటి జేబులో వేసుకున్నాడు.

మాఘం, శుద్ధ పాడ్యమి

అబ్బులు పోయాడు.

నిన్న దిగినవాడు ఎంతకీ పైకి రాకపోతే తాతాజీ తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని వెళ్ళాడు. పంపుకి చేరబడి కూర్చుని ఉన్నాడట, అలిసి కునుకు తీస్తున్నట్టు. కాంపౌండరు వచ్చి కనురెప్పలు ఎత్తి చూసి, మా అందరి ముఖాలూ చూసి అడిగాడు: "వాసన పోయిందని అన్నాడా?"

అన్నాడని చెప్పాను.

"ఆ గ్యాసు కొంచెముంటే కంపు కొడుతుందండి. బాగా ఎక్కువైతే ముందు ముక్కుని చంపుతుంది, తర్వాత మనిషిని. కంపు పోయిందంటే గ్యాసు పోయినట్టు కాదు," అన్నాడు. ఇంత ముక్క మాకు ఇన్నేళ్ళలో ఎవరూ ఎందుకు చెప్పలేదని అరిచాను. తనని ఎవరూ అడగలేదన్నాడు. అతనికి కూడా రోజూ ఏడు ప్రశ్నలే.

నేను పచ్చ దీపం చూసి మురిసిపోయాను. బెల్లం నాలిక మీద పెట్టుకుని చప్పరించాను. ఆ తీపి ఇంకా నోట్లో ఉన్నట్టుంది, కడిగినా పోవడం లేదు.

ఇక అబ్బులు భార్య దేవమణి సంగతి. పై వరసలో క్వార్టరు పనిచేసే మనిషి పేరున ఉంటుంది. మనిషి లేకపోతే ఇల్లు లేదు, కట్టకి అవతల దిగువపాకలకి పోవాలి. అక్కడ పోటు వస్తే మంచం కింద చేపలు తిరుగుతాయి. పోయినవాళ్ళెవరూ మళ్ళీ ఇటు రాలేదు. కూతురు ఎప్సిబాకి ఉగాది వెళ్ళిన మర్నాటికి పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు పిల్లకి పని ఇస్తారు, ఇల్లు పిల్ల పేరుకి మారుతుంది. మధ్యలో ఉన్నవి రెండు నెలలు.

"మాటసాయం చేద్దాం," అన్నాడు తాతాజీ.

మాటసాయం మాకు కొత్త కాదు. ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ళ ఏడు జవాబులూ మేమే చెప్పేస్తాం, పని తలా కాస్తా పంచుకుంటాం. జవాబు అందితే మనిషి వచ్చినట్టే శాఖకి లెక్క. జ్వరానికి చేసింది చావుకి చేస్తే తప్పేమిటన్నాడు తాతాజీ. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

పొద్దెక్కకుండానే కట్ట వెలుపలి వాలులో, ఒండ్రులో పాతిపెట్టాం. దేవమణి గొంతు పైకి రాకుండా ప్రార్థన చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా ఆయన పేరు మీద నువ్వేగా చెప్పేది. ఆయన చెప్పినట్టే చెప్పు. కంపు కొడతందనే చెప్పు. ఆయన నోట అబద్ధం రానీకు."

సరేనన్నాను. పలక తీశాక వేలు రాలేదు. చెడ్డగా చెబితే ఎందుకని ఆరా తీయడానికి మనిషి వస్తాడు, వస్తే అబ్బులు ఏడీ అని అడుగుతాడు. నిద్ర బాగా పట్టింది. వాసన లేదు. ఏడోదాని దగ్గర కాసేపు ఆగాను. సముద్రంలోకన్నా తోస్తానన్న మాట చెవిలోనే ఉంది. 'పెడతాను' అని నొక్కాను.

మాఘం, పౌర్ణమి

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా అబ్బులు కళ్ళు ఇప్పుడు చేటంతయ్యాయి.

కట్ట మొత్తం మీద అతనంత తృప్తిగా పనిచేసే మనిషి లేడని శాఖ తేల్చింది. అలిగేవాడు, విసుక్కునేవాడు, మార్కులు పాడుచేసేవాడు, ఒక్కసారిగా ఇంత నిలకడ మనిషి ఎలా అయ్యాడో మిగతా జట్లు అతన్ని చూసి నేర్చుకోవాలట. ఆదర్శ కార్మికుడన్నారు. శాలువా పంపారు. తాతాజీ దాన్ని అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి దేవమణి ఇంటికి పట్టుకెళ్ళాడు. ఆవిడ దాన్ని గుమ్మంలోనే అందుకుని నీళ్ళ కుండ కింద చుట్టగా పెట్టింది.

నవ్వొచ్చే సంగతి ఇక్కడితో అయిపోయింది. ఆరో సొరంగం అంత హాయిగా ఉన్నప్పుడు గాలిఫ్యాను అక్కడ దండగని దాన్ని విప్పి రెండో సొరంగానికి పట్టుకుపోయారు. ఆపమని ఎవరు చెప్పాలి? అబ్బులే చెప్పాలి, అది అతని చోటు కాబట్టి. అబ్బులేమో నా వేలి చివర కూర్చుని అంతా బ్రహ్మాండం అంటున్నాడు.

ఫ్యాను పోయాక ఆరోదాంట్లోకి ఒంటరిగా ఎవరినీ పంపడం లేదు తాతాజీ. ఇద్దరు దిగుతారు, పంపు చూసి, కంపు ముక్కుకి తగులుతుండగానే పైకొచ్చేస్తారు. ఎవరికైనా తగలడం మానేస్తే పని అక్కడే వదిలేసి పరుగు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అంటుండేది. ఉగాది దాకా ఎలాగోలా ఈడ్చేస్తే చాలని అందరం ఒకరికొకరం చెప్పుకుంటున్నాం.

ఎప్సిబా అప్పుడప్పుడూ నా దగ్గరికొచ్చి కూర్చుంటుంది. తండ్రి పోలికే, అదే ఎకసెక్కం.

"ఇవాళ మా నాన్న ఏమన్నాడు పెద్దమ్మా?" అని అడుగుతుంది.

"తిండి సరిపోయిందన్నాడు."

"బతికున్నప్పుడు ఏనాడూ సరిపోలేదు," అని నవ్వుతుంది, ముఖం పక్కకి తిప్పుకుంటుంది. నేను కూడా పలక తుడుస్తున్నట్టు తల దించుకుంటాను.

చైత్రం, శుద్ధ తదియ

ఎప్సిబాకి పద్దెనిమిది నిండాయి. నియామకం వచ్చింది. పలక మీద నేనే చదివాను, దేవమణి ఎదురుగా. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. ఆవిడ నా చేతిలోంచి పలక లాక్కుని మిగతాది కూడబలుక్కుని చదువుకుంది.

'తండ్రి అబ్బులు గారు రోజూ తప్పకుండా తెలియజేస్తున్న కోరిక మేరకు, కుమారి ఎప్సిబాను ఆదర్శ స్థలమైన ఆరో సొరంగంలోనే, వారికి సాయంగా నియమించడమైనది.'

దేవమణి పలక బోర్లించి నా ఒళ్ళో పెట్టింది.

"ఆయన పేరు మీద ఏం చెప్పేవక్కా?"

చెప్పాను. ఒక్కటీ దాచలేదు.

"ఏడోదానికి?"

"పెడతానని."

ఆవిడ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. నేను కూర్చున్న పీట నా కింద నుంచి లాగి గోడకి ఆనించి, "లేచి ఎల్లు," అంది. "కంపు కొడతందని చెప్పమన్నాను. ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయేవు."

చైత్రం, శుద్ధ చవితి

పొద్దున్నే పలక తీసి అబ్బులు పేరు మీద చెప్పాల్సింది చెప్పాను. దుర్వాసన ఉందా? భరించలేనంత. సొంతవాళ్ళను పెడతారా? చచ్చినా పెట్టను.

పలక కాసేపు ఆలోచించింది. 'అబ్బులు గారూ, ఇది మీ తీరు కాదు. అలసటలో నొక్కినట్టున్నారు. కాస్త స్థిమితపడి మళ్ళీ చెప్పండి.' మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. చివరికి, మీరు మామూలుగా చెప్పే జవాబులనే ఇవాళ్టికీ ఉంచుతున్నామని దానంతటదే పచ్చగా వెలిగింది. పలకని నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. కొడితే ఇంకోటి ఇస్తారు.

తాతాజీ దగ్గరికి పోయాను. చావు నమోదు చెయ్యడం మేస్త్రీ పని, నా వేలికి ఆ అధికారం లేదు.

"చెప్పేద్దాం మేస్త్రీ. అబ్బులు పోయాడని చెప్పేద్దాం."

"చెప్తే ఏమవుద్దండి? రెండు నెలల్నించీ ఇరవైమందీ కలిసి అబద్ధమాడేరని తేలుద్ది. జట్టు మొత్తం చెదిరిపోద్ది. నా ఇంట్లో మంచాన పడ్డ అమ్మ ఉందండి. దిగువపాకల్లో ఎన్నాళ్ళు బతుకుద్దండి ఆవిడ?"

"ఈ పిల్ల ఆరోదాంట్లో ఎన్నాళ్ళు బతుకుతుంది?"

 ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అతని ముఖం చూస్తే తెలుస్తుంది. నాకు జాలి వేసింది, అసహ్యమూ వేసింది.

ఎప్సిబానే పంచాయతీ తీర్చింది. తను దిగుతానంది. కొత్తవాళ్ళకి జవాబుతోనే హాజరు పడదు కాబట్టి దిగకపోతే పని కాదన్నట్టు, ఇల్లు పోతుంది. కొత్తవాళ్ళ జవాబులకి మొదటి మూడు నెలలూ విలువ లేదు కాబట్టి కంపు కొడుతోందని తను చెప్పినా ఎవరూ వినరు. ఆ మూడు నెలలు దాటితే తన నోటితో తనే చెబుతుందట.

"అందాకా?" అన్నాను.

"అందాకా నువ్వున్నావుగా పెద్దమ్మా. నీ పని అడగడమేగా. అడుగుతా ఉండు."

చైత్రం, శుద్ధ నవమి

ఆరో సొరంగం నోటి దగ్గరే కూర్చుంటున్నాను. ఎప్సిబా నడుముకి తాడు కట్టాం, రెండో కొస బయట గుంజకి. ఇద్దరు దిగితే ఇద్దరూ పడిపోవచ్చని, లాగడానికి గుంజ పక్కన ఎప్పుడూ ఇద్దరు ఉండేలా తాతాజీ ఏర్పాటు చేశాడు. మిగతా సొరంగాలకి వెళ్ళి అడగడం మానేశాను. వాళ్ళ జవాబులు ఇక్కడే కూర్చుని నొక్కేస్తున్నాను, ఎలాగూ అవే జవాబులు.

కాసేపటికోసారి లోపలికి కేకేస్తాను. "కంపు కొడుతోందా?"

"కొడతంది!"

మళ్ళీ కాసేపటికి. "కొడుతోందా?"

"కొడతంది పెద్దమ్మా! నీ నోటి కంపుకన్నా తక్కువే!"

గుంజ దగ్గరున్నవాళ్ళు నవ్వుతారు. నేనూ తిడతాను. ఇన్నేళ్ళు అడిగిన ప్రశ్నే ఇది. అప్పుడు కంపు కొడుతోందంటే ప్రాణం ఉసూరుమనేది, ఇప్పుడు ఆ మాట వినపడితేనే నాకు ఊపిరి ఆడుతోంది. దేవమణి రోజూ అన్నం క్యారేజీతో వచ్చి కొంచెం దూరంగా కూర్చుంటుంది. నాతో మాట్లాడదు. నేను కేకేసినప్పుడల్లా తలెత్తి, జవాబు వచ్చాక దించుకుంటుంది.

చైత్రం, పౌర్ణమి

పెద్ద పోటు. పొద్దుటి నుంచీ ఊట ఎక్కువగా ఉంది. పిల్లని దింపొద్దన్నాను. పంపు ఆగితే దిగువ రెండు ఊళ్ళు మునుగుతాయి, పోటు దాటేదాకా చూసి పైకి తీసేద్దామన్నాడు తాతాజీ. ఎప్సిబా అప్పటికే తాడు బిగించుకుంటోంది.

దిగిన కొత్తలో కంపు కొడుతోందని అరుస్తూనే ఉంది. తర్వాత ఒకసారి దగ్గింది. కళ్ళు మండుతున్నాయంది. నేను ఆగలేక వెంటనే మళ్ళీ అడిగాను.

"కంపు కొడుతోందా అమ్మా?"

"లేదు పెద్దమ్మా." గొంతు మెత్తగా, నిద్రమత్తులో ఉన్నట్టు వచ్చింది. "ఇప్పుడు హాయిగా ఉంది."

దేవమణి క్యారేజీ వదిలేసి లేచింది. "లాగండి!" అని నేను అరిచిన అరుపుకి నా గొంతు ఇప్పటికీ కోలుకోలేదు. తాతాజీ, గుంజ దగ్గరి ఇద్దరూ, నేనూ, దేవమణీ తాడు అందుకున్నాం. మొదట తాడు మాకు ఎదురు లాగింది. పని మధ్యలో ఎందుకు లాగుతున్నారని పిల్ల విసుక్కుంటూ పంపు పట్టుకున్నట్టుంది. తర్వాత ఒక్కసారిగా బరువైంది. ఎక్కడో ఇరుక్కుంది, వదిలి మళ్ళీ లాగాం. బురదలో మొహం కిందకి పెట్టి జారుతూ బయటపడింది. అరచేతులు రెండూ చెక్కుకుపోయాయి.

గాలికి ఎదురుగా పడుకోబెట్టాం. ఊపిరి ఉందో లేదో నాకు తెలియలేదు, చెవి ఆనించినా నా గుండె చప్పుడే వినిపించింది. దేవమణి కూతురి చెంపల మీద కొడుతూ, "పలకవే, పలకవే," అంటూనే ఉంది. చివరికి పిల్ల పక్కకి తిరిగి కక్కుకుంది. కళ్ళు తెరవలేకపోయింది గానీ ముక్కు ముడిచింది.

"ఛీ, కంపు," అంది.

నేను ఏడ్చాను. దేవమణి నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఉగాది తర్వాత ఆవిడ నన్ను తాకడం అదే మొదలు.

తాతాజీ ఇంకా తాడు చేతికి చుట్టుకునే బురదలో కూర్చుని ఉన్నాడు. అరచేతుల నుంచి రక్తం కారుతోంది. "పలక ఇలా ఇవ్వండి రత్నంగారూ," అన్నాడు. గ్రీజూ రక్తమూ అంటిన వేలితో తనే నొక్కాడు. అబ్బులు చనిపోయాడు. ఎప్పుడు? పుష్య అమావాస్య నాడు. ఎక్కడ? ఆరో సొరంగంలో. నొక్కి నాకు తిరిగిచ్చేసి, "అమ్మకి ఎలా చెప్పాలో," అన్నాడు.

చైత్రం, బహుళ అష్టమి

శాఖ తీర్పు వచ్చింది. నేను ఊహించినవి కొన్ని ఉన్నాయి, కలలో కూడా అనుకోనివి కొన్ని ఉన్నాయి.

జట్టుని చెదరగొట్టారు. తాతాజీకి ఉత్తరపు కట్ట పడింది, తల్లిని మంచంతో సహా మోసుకుపోయాడు. దేవమణీ, ఎప్సిబా, నేనూ దిగువపాకలకి. నాకు మరో అడిగే పని ఇవ్వరు, ఎందుకంటే ఇక ఎక్కడా అడగరట. ప్రతి కార్మికుడు ఏం చెబుతాడో ఇన్నేళ్ళ జవాబుల వల్ల శాఖకి బాగా తెలిసిపోయింది కాబట్టి, రోజూ అడిగి ఇబ్బంది పెట్టకుండా వాళ్ళ తరఫున శాఖే చెప్పుకుంటుందట. మేం ఒక్కడికి చేసిన మాటసాయం వాళ్ళు అందరికీ చేస్తున్నారు.

అబ్బులు మరణానికి విచారం తెలిపారు. రెండున్నర నెలలూ ఎవరు నొక్కినా జవాబులు ఎంతో నిలకడగా ఉన్నందున, ఆరో సొరంగం విషయంలో ఆయన అభిప్రాయాన్నే ఇకముందూ ప్రమాణంగా ఉంచుతారట. పిల్లని లాగిన తాడు గురించి ఒక్క ముక్క లేదు. తాడుకి ప్రశ్న లేదు.

ఇవాళ పడవ కోసం రేవుకి వెళుతుంటే ఆరో సొరంగం ముందు నుంచే దారి. నోటి పక్కన కొత్త బోర్డు పెట్టారు. 'ఆదర్శ స్థలం. ఆదర్శ కార్మికుడు అబ్బులు గారి మాట: వాసన లేదు. హాయిగా ఉంది.' దాని కింద తెల్లగా ఉతికిన చొక్కా వేసుకుని కొత్తతను ఒకడు నిలబడి ఉన్నాడు. పక్కన భార్యా, ఆమె చంకలో బిడ్డా. ముఖంలో సంతోషం దాగడం లేదు.

"మీరు పాత జట్టువాళ్ళాండి?" అన్నాడు. "నా అదృష్టమండి, అందరూ అడిగినా ఈ సొరంగం నాకే ఇచ్చేరండి."

ఎప్సిబా చేతులకింకా కట్లున్నాయి. భుజాన వేసుకున్న తాడు చుట్ట తీసి అతని చేతిలో పెట్టింది. "అన్నయ్యా, నడుముకి కట్టుకోండి. బయట మనిషిని పెట్టుకోండి. కంపు కొడితే పని చేసుకోండి. కంపు పోయిందంటే పరిగెత్తండి."

అతను తాడు వంకా బోర్డు వంకా చూశాడు. "అదేటండి, వాసనే లేదంటన్నారు కదండీ పెద్దాయన."

దేవమణి మూట కింద పెట్టింది. వంగి కాలవలోంచి దోసెడు నల్లబురద తీసింది. కుళ్ళిన కంపు గుప్పున కొట్టింది, చంకలో బిడ్డ ఏడుపు లంకించుకుంది. ఆ బురద తీసుకెళ్ళి బోర్డు మీద, మొగుడి పేరు మీద, వాసన లేదన్న మాట మీద, రెండు చేతులతోనూ మెత్తింది.

"మా ఆయన మాట ఇది," అంది. "ఇప్పుడు చూసుకో."

 పడవవాడు కేకేశాడు, మేం ముగ్గురం దిగి కూర్చున్నాం. పడవ కదులుతుంటే ఎప్సిబా వెనక్కి తిరిగి అతనికి మళ్ళీ తాడు చూపించి సైగ చేసింది. అతను చూడలేదు. తాడు నేల మీద పెట్టాడు, మార్కు పోతుందని భయపడ్డాడో ఏమో, చొక్కా అంచు నీళ్ళలో తడుపుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.